ఎవరి కుక్క?

ఒకరి ఎద్దు రాత్రిపూట తాడు తెంపుకుని ఇంకొకరి చోడి చేలో పడిందనుకోండి. మన గూడేల్లో దానికి ఒక పద్ధతి ఉంది. చేనువాడు వచ్చి అరుస్తాడు. ఎద్దువాడు కాసేపు బుకాయిస్తాడు. పెద్దలు కూర్చుంటారు, చేలోకి వెళ్లి మేసిన మేర చూస్తారు, తప్పు వేస్తారు. తప్పు కట్టినవాడూ పుచ్చుకున్నవాడూ ఆ సాయంత్రమే ఒక జీలుగు చెట్టు కింద కలిసి కూర్చుంటారు. మైదానంలో ఇదే పనికి బందెలదొడ్డి ఉండేది. దానికోసం ఇంగ్లీషువాళ్లు 1871లోనే ఒక చట్టం చేశారు. ఏ చేను ఎవరిదో పశువుకి తెలియదు, పెంచేవాడికి తెలుసు, కాబట్టి దాని నోటికి అతనే జవాబు చెప్పాలి. ఈ న్యాయాన్ని కొండమీదివాళ్లూ కాదనలేదు, కిందివాళ్లూ కాదనలేదు.

అదే గూడెంలో ఒకరి కుక్క ఇంకొకరి పిల్లని కరిచింది. అప్పుడు పెద్దలు కూర్చోరు. "నువ్వేం చేశావే దాన్ని?" అని ముందు పిల్లనే అడుగుతారు. కుక్కకి రోజూ అన్నం పెట్టే ఇంటామె, "మా కుక్క ఊరికే ఎవరినీ ఏమీ అనదు, రాయి విసిరి ఉంటుంది" అంటుంది. పిల్ల తల్లి పిక్కమీద కారమో, సున్నమో అద్దుతుంది. ఒక కుర్రాడు కుక్కని కర్ర పట్టుకుని తరుముతాడు. అంతటితో సరి. చోడి గింజలకు ఉన్న లెక్క పిల్ల పిక్కకు లేకుండా పోతుంది.

ఎందుకు లేదు? నేను అడగాలనుకున్నది ఇదే. కుక్కకాటు గురించి ఆరోగ్యశాఖవాళ్లు చెప్పవలసింది గోడలమీద రాసి చెబుతూనే ఉన్నారు. కాని ఇది ఆరోగ్యం సంగతి కావడానికి ముందు న్యాయం సంగతి. ఒక ప్రాణిని నాది అనడంలో ఏమేమి కలిసి ఉన్నాయి అన్న ప్రశ్న.

నాకు తోచిన మొదటి కారణం చాలా మామూలుది. ఎద్దుకి వెల ఉంది. సంతలో కొన్నాం, కొన్న రోజు గుర్తుంది, అమ్మితే ఎంతొస్తుందో తెలుసు. కుక్కని ఎవరూ కొనలేదు. ఏదో ఇంట్లో తల్లికుక్క ఈనితే పిల్లలు ఒక కూనని చంకలో పెట్టుకుని తెచ్చారు. మిగిలిన అంబలి పోశాం. ఉండిపోయింది. అది మనదని ఎప్పుడూ ఎవరిముందూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అందువల్ల అవసరాన్నిబట్టి మాట మారుతుంది. రాత్రి మొక్కజొన్న చేలోంచి అడవిపందిని తరిమితే "మా కుక్క." పగలు అంగన్‌వాడీకి వెళ్లే పిల్ల మీద పడితే "ఊరకుక్క." ఒకే జంతువు, ఒకే రోజు, రెండు మాటలు. లాభం వచ్చినప్పుడు ఉండి నష్టం వచ్చినప్పుడు లేకుండా పోయే యాజమాన్యం ఇంకే ఆస్తి విషయంలోనైనా మనం ఒప్పుకుంటామా?

పూర్వం ఇలా ఉండేది కాదని నా ఊహ. మన పెద్దలు కుక్కని ప్రేమించడంలో మనకన్నా ఎక్కువవాళ్లేమీ కాదు, అవసరమైతే తన్నేవాళ్లు కూడా. కాని కుక్కకి పని ఉండేది. నల్లమలలో చెంచు మనిషి విల్లూ అమ్ములూ తీసుకుని బయలుదేరితే కుక్క వెంట వెళ్లేది. గోదావరి గట్ల మీద కొండరెడ్లకీ, కోయవాళ్లకీ, ఇటు మా పాడేరు కొండలవాళ్లకీ వేటంటే మనిషీ కుక్కా కలిసి చేసే పని. ఏ కుక్క ముందుంటుంది, ఏది బెదురుతుంది, ఏది కోపిష్టిది, వేటగాడికి తెలియాలి. తెలియకపోతే వేట చెడుతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతుంది. అంటే కుక్క గుణం తెలిసి ఉండడం పెంపకంలో భాగం. వేట దొరికితే కుక్కకీ ఏదో ఒక ముక్క దక్కేది. పేరు పెట్టి పిలిస్తే వచ్చేది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే వ్యాసం, దాని జోలికి ఇక్కడ పోను. జరిగింది మాత్రం ఇది: వేట పోయింది, కుక్క మిగిలింది. యజమాని ఉపాధి పనికో, కాఫీ తోటకో, బండెక్కి మండల కేంద్రానికో వెళ్లిపోతాడు. కుక్క గూడెం మొదట్లో పడుకుని ఉంటుంది. సంత జరిగే చోట కోడిమాంసం కొట్లు వచ్చాయి. ఈకలూ పేగులూ రోడ్డు పక్కనే పారబోస్తారు. రెండు గూడేల కుక్కలు అక్కడ ఒక గుంపు అవుతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు తోక ముడిచే కుక్క గుంపులో వేరే జంతువు. సంతనుంచి సాయంత్రం ఒంటరిగా నడిచొచ్చే పిల్లకి ఆ తేడా ఎవరూ చెప్పి ఉండరు.

కుక్కని మనం మెచ్చుకునేది ఒక్క మాటతో: విశ్వాసం. ఆ మాటని కాస్త తిప్పి చూడాలి. కుక్క విశ్వాసం ఎవరిపట్ల? అన్నం పెట్టిన చేతిపట్ల. మరి ఆ చేయి కానివాళ్లపట్ల? గుమ్మంలోకి వచ్చిన ఎవరినైనా అది అనుమానించాలనే కదా మనం దాన్ని ఉంచుకున్నది. ఇంట్లోవాళ్లు విశ్వాసం అని పిలిచే గుణమే పొరుగింటి పిల్లకు పళ్లుగా కనబడుతుంది. రెండూ విడదీయలేం. మంచి సగం నేను ఉంచుకుని చెడ్డ సగం పొరుగువాడికి వదిలేస్తే అది పెంపకం కాదు, పొరుగువాడి నెత్తిన వేసిన బరువు. "మాతో ఎంత బాగుంటుందో చూడండి" అనే మాట నిజమే అయినా దేనికీ రుజువు కాదు. మీతో బాగుంటుందనే పొరుగు పిల్లకు భయం.

మన సామెతలు కూడా ఈ విషయంలో మనకి పెద్దగా సాయం చేయవు. మొరిగే కుక్క కరవదంటారు. మొరిగి కరిచిన కుక్కలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. మొరగడం చాలాసార్లు దగ్గరికి రావద్దనే హెచ్చరిక. సామెత నమ్మిన పిల్ల ఆ హెచ్చరికను దాటి వెళ్తుంది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని ఇంకొకటి. దెబ్బ తిన్నది కుక్క. దాన్ని అలా వదిలినవాడు ఈ సామెతలో ఎక్కడా లేడు.

ఇక పిల్లల సంగతి. పెద్దవాడికి కుక్క మోకాలి ఎత్తు. మూడేళ్ల పిల్లకి కుక్క నోరు సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటుంది. అందుకే చిన్నపిల్లలకు కాట్లు ముఖం, తల, మెడ మీద పడడం ఎక్కువ. రేబిస్ క్రిమి నరాల వెంట మెదడుకు ప్రయాణిస్తుంది కాబట్టి, తలకు దగ్గరైన గాయం మరింత ప్రమాదం. చిన్నపిల్ల ఎలా ప్రవర్తిస్తుందో చూడండి. భయమేస్తే పరిగెత్తుతుంది, కీచుమని అరుస్తుంది, ప్రేమ కలిగితే మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకుంటుంది. కుక్కకి ఈ మూడూ నచ్చవు. తింటున్న కుక్క దగ్గరికి, కూనలున్న తల్లికుక్క దగ్గరికి పిల్ల ఎందుకు వెళ్తుంది? కూనలు ముద్దుగా ఉంటాయి కాబట్టి. అది తప్పెలా అవుతుంది? "రాయి విసిరి ఉంటుంది" అనేవాళ్లని నేను ఒక్కటే అడుగుతాను. విసిరిందే అనుకుందాం. నాలుగేళ్ల పిల్ల రాయి విసరడం వింతా? అలా విసరవచ్చని ముందుగా ఊహించవలసింది ఎవరు, పిల్లా, కుక్కా, లేక ఈ ఇద్దరినీ ఎరిగిన పెద్దమనిషా? ముగ్గురిలో ముందుచూపు ఉన్నది ఒక్కరికే. బాధ్యత కూడా అక్కడే ఉండాలి.

పిల్లలకు నేర్పవలసింది నేర్పాలి. కుక్క మీదికి వస్తుంటే పరిగెత్తకుండా చెట్టులా కదలక నిలబడు, చేతులు దగ్గరికి పెట్టుకో, దాని కళ్లలోకి చూడకు. పడిపోతే తాబేలులా ముడుచుకుని మెడ, చెవులు చేతులతో కప్పుకో. ఇవి ఒకటో తరగతిలో ఆటగా నేర్పవచ్చు, మన పిల్లలు చెట్టులా నిలబడడంలో ఎవరికీ తీసిపోరు. కాని పిల్లకు నేర్పాం కదా అని పెద్దవాడి పని తీరిపోదు. ఈత నేర్పాం కదా అని నూతికి గట్టు కట్టకుండా ఉండం.

ఇప్పుడు కొండమీద ఈ కాటు ఎందుకు మరింత బరువో చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రేబిస్ అనుమానం ఉన్న జంతువులు కరిచినవాళ్లలో 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. బయటపడకముందు సరిగా వైద్యం చేస్తే దాదాపు అందరూ బతుకుతారు. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కుళాయి లేకపోతే గెడ్డ నీళ్లు చెంబుతో పోస్తూనే ఉండాలి. తర్వాత ఆసుపత్రి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు. అంటే నాలుగు ప్రయాణాలు. లోతైన గాయమైతే, ముఖం మీద అయితే, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. అది అన్ని పీహెచ్‌సీల్లో దొరకదు, ఇంకా కిందికి దిగాలి. రోడ్డు లేని గూడెంనుంచి నాలుగుసార్లు దిగి ఎక్కడమంటే ఏమిటో ఇది చదివేవాళ్లకు నేను చెప్పక్కరలేదు. గర్భిణిని డోలీలో మోసుకెళ్లిన దారిలోనే పిల్లని భుజాన వేసుకుని వెళ్లాలి. నాలుగు రోజుల కూలి పోతుంది. మొదటి సూది వేయించి, గాయం మానింది కదా అని మిగతావి మానేసేవాళ్లు అందుకే ఎక్కువ.

పసరు వైద్యం మాటకొస్తే, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. మన అడవి మందుల్లో పనిచేసేవి ఎన్నో ఉన్నాయి. ఈ ఒక్క జబ్బుకు మాత్రం లేదు. మరి పసరు కట్టించుకున్నవాళ్లు చాలామంది బతికారు కదా అంటారు. కరిచే కుక్కల్లో ఎక్కువవాటికి రేబిస్ ఉండదు, అందుకే బతికారు. ఏమీ కట్టకపోయినా బతికేవారు. రేబిస్ ఉన్న కుక్క కరిచినప్పుడు పసరుకీ, మంత్రానికీ, కారానికీ తేడా లేదు. లక్షణాలు వచ్చేశాక దిసారి దగ్గర మందు లేనట్టే ఏ పెద్దాసుపత్రిలోనూ లేదు. ఇంకొక భయం కూడా ఉంది, బొడ్డు చుట్టూ 14 సూదులని. అవి పాతకాలపు మందువి. 2005 నాటికి దేశంలో ఆ మందు తయారీయే ఆపేశారు. ఇప్పుడు చేతికి వేస్తారు. పిల్లలు కాటుని దాచడానికి ఈ సూదుల కథ ఒక పెద్ద కారణం కాబట్టి, ఉపాధ్యాయులు తరగతిలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఆ టీకా పుట్టిన రోజు గురించి పుస్తకాల్లో చదువుతాం. 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడిని పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి తీసుకొచ్చారు. 13 సూదులు వేశారు. పిల్లవాడు బతికాడు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. ఆ కుక్క ఎవరిదో చెప్పవు. అది ఊరకుక్క కాదు, ఆల్సేస్ ప్రాంతంలో ఒక పల్లెటూరి కిరాణా వ్యాపారిది. అతని పేరు తియోదోర్ వోన్. పాశ్చర్ గుమ్మంలోకి ఆ రోజు వెళ్లింది ముగ్గురు: పిల్లవాడు, తల్లి, ఆ వ్యాపారి. కుక్క అతన్నీ పట్టుకుంది, కాని పళ్లు చర్మంలో దిగలేదని తేల్చి పాశ్చర్ అతన్ని పంపించేశాడు. అతను ప్రాణభయంతోనే వెళ్లాడేమో, పిల్లవాడి కోసమే వెళ్లాడని నేను చెప్పలేను. అయినా నాకు ఆ దృశ్యం గొప్పగా అనిపిస్తుంది. కరిచిన కుక్క యజమాని, కరిపించుకున్న పిల్లవాడు, ఇద్దరూ ఒకే ప్రయాణంలో ఉన్నారు.

చట్టం కూడా యజమానిని వదలలేదు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువువల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో గమనించవలసింది శిక్ష కాదు. కుక్క కరిచిందా లేదా అని ఆ సెక్షన్ అడగడం లేదు, జాగ్రత్త తీసుకున్నావా లేదా అని అడుగుతోంది. తప్పు కాటుతో మొదలవదు, అంతకు ముందే, మామూలు రోజునే మొదలై ఉంటుంది. దీనికోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కమని నేను చెప్పడం లేదు. మన పెద్దలు ఎద్దు విషయంలో ఎప్పుడో పట్టుకున్న సూత్రాన్ని చట్టం కుక్క విషయంలో రాసుకుందని మాత్రం చెబుతున్నాను.

బయట లోకంలో ఈ చర్చ వేరే రూపంలో నడుస్తోంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లవాడిని చంపేశాయి. పొట్టకూటికి నగరం వచ్చి కాపలా పని చేసుకునే మనిషి కొడుకు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని ఒకసారి చెప్పి, పదకొండు రోజుల తర్వాత ఆ ఉత్తర్వు మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మీదపడే గుణం ఉన్నవాటినీ వదలకూడదని, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని అన్నది. కుక్కల పక్షం, మనుషుల పక్షం అని రెండు పక్షాలై టీవీల్లో అరుచుకున్నారు. నాకు ఆ అరుపుల్లో వినబడనిది ఒకటి ఉంది. గేటు లోపలినుంచి బిస్కట్ విసిరేవాడి పిల్లలు కార్లో బడికి వెళ్తారు. ఆ బిస్కట్ అలవాటైన కుక్కల మధ్యనుంచి కాలినడకన వెళ్లేది కాపలావాడి పిల్లలు. జాలి ఒకరిది, కాటు ఒకరిది అయినప్పుడు ఆ జాలికి ఎంత విలువ ఇవ్వాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1926లో అహ్మదాబాద్‌లో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ తన మిల్లు ఆవరణలో తిరిగే 60 కుక్కలను చంపించాడు. జనం మండిపడ్డారు. గాంధీ అతన్ని సమర్థించి, తన యంగ్ ఇండియా పత్రికలో వరసగా రాశాడు. యజమాని లేక తిరిగే కుక్క ఉండడమే సమాజానికి సిగ్గు, ఎంగిలి మెతుకులు విసరడం దయ కాదు, పెంచాలనుకున్నవాడు బాధ్యతగా పెంచాలి అన్నది ఆయన వాదం సారాంశం. మొదటి సగంతో నేను ఏకీభవిస్తాను. చంపడంతో ఏకీభవించను. అహింస పేరుతో కాదు, లెక్క పేరుతో. కొన్నిటిని చంపితే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ఇవాళ తెలుసు. గాంధీ రోజుల్లో ఊళ్లోని కుక్కలన్నిటికీ టీకా వేయడమనే దారి లేదు. మనకి ఉంది. ఏటా జులై 6న, పాశ్చర్ మొదటి సూది వేసిన రోజునే, పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. కూనకి మూడో నెలలో, తర్వాత ఏడాదికొకసారి. మేకలకి టీకా వేయడానికి వచ్చిన పశువైద్య సిబ్బందిని గూడెంలో ఎంతమందిమి కుక్క గురించి అడిగాం?

ఉపాధ్యాయులకు చెప్పవలసిన సంగతి ఒకటుంది, కాస్త కష్టంగా ఉంటుంది. అన్నం పెట్టినవాడే యజమాని అని ఒప్పుకుంటే, మన ఆశ్రమ పాఠశాలలన్నీ కుక్కల యజమానులే. హాస్టల్ వంటగది వెనక మిగిలిన అన్నం, పప్పు ఎక్కడ పోస్తారో చూడండి. మధ్యాహ్నం గంట కొట్టేసరికి కుక్కలు వరండా చివర వచ్చి కూర్చుంటాయి, వాటికి టైమ్‌టేబుల్ పిల్లలకన్నా బాగా తెలుసు. అంగన్‌వాడీలో చేతిలో గుడ్డు పట్టుకుని బయటికొచ్చే మూడేళ్ల పిల్ల చుట్టూ రెండు కుక్కలు తిరగడం మీరు చూసే ఉంటారు. అవి పిల్ల కోసం రాలేదు, గుడ్డు కోసం వచ్చాయి. పళ్లు మాత్రం చేతి మీద పడతాయి. కుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే చోటికీ, వచ్చిపోయే దారికీ దూరంగా ఉండాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. ఢిల్లీ కాలనీల కోసం రాసినట్టున్నా అది మన బడికి సరిగ్గా అతుకుతుంది. గొయ్యి తవ్వి మూత పెట్టడం, పిల్లల్ని లోపల కూర్చోబెట్టి తినిపించడం, ఆవరణకు దడి కట్టించడం, ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. పెద్ద పని ఇంకొకటుంది. "సార్, కుక్క కరిచింది" అని చెప్పడానికి వచ్చిన పిల్లని "ఎందుకెళ్లావు దాని దగ్గరికి?" అనకుండా ఉండడం. ఒక్కసారి ఆ మాట అన్నామంటే ఆ పిల్లే కాదు, విన్న మిగతావాళ్లు కూడా తర్వాత గీతలనీ గాట్లనీ లంగా కింద దాచుకుంటారు.

గూడెంలో అసలు కష్టం ఎక్కడుందంటే, కుక్క ఏ పరాయివాడిదో కాదు. మామది, పెద్దయ్యది, అత్తవారిది. ఇరవై గడపల ఊళ్లో అందరూ ఏదో వరస. కుక్క గురించి మాట్లాడితే ఆ ఇంటి గురించి మాట్లాడినట్టు. రేపు పోడు పనికి ఆ ఇంటివాళ్లు కావాలి, పెళ్లికి కావాలి, చావుకి కావాలి. పిల్ల పిక్క మీద నాలుగు గాట్ల కోసం ఇంత చుట్టరికం చెడగొట్టుకుంటామా అని తల్లి నోరు మూసుకుంటుంది. ఈ మౌనాన్ని నేను పిరికితనం అనలేను. కలిసి బతకడానికి మనం కట్టే మూల్యాల్లో అదొకటి. కాని ఆ మూల్యం ఎవరి ఒంటి మీదనుంచి కడుతున్నాం? చుట్టరికం పెద్దలది, గాయం పిల్లది.

ఎద్దు విషయంలో తప్పు వేయడంవల్ల చుట్టరికం చెడలేదు, సరిగ్గా చెప్పాలంటే దానివల్లే నిలబడింది. లెక్క తేలిపోతే కోపం మిగలదు. కుక్క విషయంలోనూ అలాంటి కట్టుబాటు ఒకటి ఉండాలి. 1996 పెసా చట్టం గ్రామసభకు మన ఆచారాల ప్రకారం తగవులు తీర్చుకునే అధికారం గుర్తించింది. భూమి, ఇసుక, కల్లు గురించి అంత మాట్లాడే సభలో కుక్క మాట తెస్తే నవ్వుతారేమో. నవ్వనివ్వండి. నా ఆలోచన ఇది: తప్పు డబ్బు రూపంలో వద్దు. కరిచిన కుక్కకి ఎవరు అన్నం పెడుతున్నారో ఆ ఇంటి మనిషి పిల్లతో ఆసుపత్రికి నడవాలి. నాలుగుసార్లూ నడవాలి. జీపు ఖర్చు అతనిది, పోయిన కూలి అతనిది. నాలుగో ప్రయాణంలో ఆ పిల్ల ఆ మామ భుజం మీద నిద్రపోతుంది. ఆ తర్వాత అతను తన కుక్కని బడి వేళకి కట్టేస్తాడో లేదో ఎవరూ చూసి చెప్పక్కరలేదు.

అస్తమానం కట్టేయమని నేను అనను. ఎలుగుబంటి తిరిగే చోట కుక్క రాత్రి వదులుగా ఉండాలి. రోజంతా గొలుసున ఉన్న కుక్క మరింత కోపిష్టిదవుతుంది, ఇది పెంచినవాళ్లందరికీ తెలుసు. కొండమీది కుక్కకి నగరపు కుక్క నియమాలు పెట్టలేం. కూనలున్నప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు, కొత్తవాళ్లు వచ్చినప్పుడు, పిల్లలు బడికి వెళ్లివచ్చే రెండు పూటలు కనిపెట్టి ఉండడం మాత్రం ఏ కొండమీదైనా సాధ్యమే.

కరిచిన తర్వాత కుక్కకి ఏం జరుగుతుందన్నది కూడా ఇందులో భాగం. చాలాచోట్ల వెంటనే కొట్టి చంపుతారు. లేకపోతే యజమాని చీకటిపడ్డాక గోనెసంచిలో వేసుకుని నాలుగు మైళ్ల అవతల ఇంకో గూడెం దగ్గర వదిలి వస్తాడు. ఇంతకన్నా చెడ్డ పని నాకు తోచదు. తన పిల్లలకు పనికిరాని కుక్క ఆ గూడెం పిల్లలకు పనికొస్తుందా? పైగా కరిచిన కుక్కని 10 రోజులు కట్టేసి గమనించాలి. 10 రోజులకీ అది ఆరోగ్యంగా తింటూ తిరుగుతూ ఉంటే కాటు వేసినప్పుడు దానికి రేబిస్ లేనట్టే, డాక్టరు చూసి పిల్లకి మిగిలిన సూదులు ఆపవచ్చు. అందాకా ఆగకుండా టీకా మొదటి రోజే మొదలుపెట్టాలి, అది వేరే. కాబట్టి కుక్కని చంపినవాడు, దాచినవాడు, వదిలేసి వచ్చినవాడు పిల్లకి చెప్పవలసిన కబురు ఒకటి చెరిపేస్తున్నాడు. ఆ 10 రోజులు కుక్కని కట్టేసి నీళ్లు పెట్టడం దాని మీద దయా, పిల్ల మీద బాధ్యతా కూడా. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతైనా ఆలోచించాలి.

వచ్చే నెల గ్రామసభకి ముందు ఐదో తరగతి పిల్లలతో ఒక చిన్న పని చేయించవచ్చు. గూడెంలో కుక్కలెన్నో లెక్కించి ఒక కాగితం మీద రాయించండి. రంగు, ఆడా మగా, టీకా వేశారా, ఎవరి కుక్క. చివరి గడిలో చాలాచోట్ల ఎవరిదీ కాదు అని వస్తుంది. దాని పక్కన ఇంకో గడి గీయించండి. నిన్న రాత్రి దానికి అన్నం పెట్టింది ఎవరు? పిల్లలు ఒక్కదానికీ తడుముకోకుండా రాస్తారు.